మిరపపండు ఎరుపు చీర ల్యాప్‌టాప్‌లో ఇటుక రంగులో ఎందుకు కనపడుతోంది?

ప్రశ్న: అన్నయ్యా, మాది గుంటూరు, లక్ష్మీపురం. మంగళగిరి చీరలు తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. రెండు నెలల క్రితం 43 వేలు పెట్టి 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ కొన్నాను, బిల్లు మీద ఫుల్ హెచ్‌డీ అని ఉంది. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే మా మేనల్లుడు ఏదో మార్చాడు, పెద్దవయ్యాయి కానీ మసకగా ఉన్నాయి. స్క్రీన్ కింద కుడివైపు ఒక ఆకుపచ్చ చుక్క ఎప్పుడూ వెలుగుతూ ఉంది, షాపులో అడిగితే ఒక్క చుక్కకి కంపెనీ వాళ్ళు మార్చరు అన్నారు, అది పెరుగుద్దేమోనని భయంగా ఉంది. అన్నిటికంటే బాధ ఏంటంటే మిరపపండు ఎరుపు చీర ఇందులో ఇటుక రంగులో కనపడుతోంది. ఫోటోలో ఎరుపు పెంచి పెట్టాను, అది చూసి కొన్నావిడ చీర రంగు వేరేగా ఉందని వెనక్కి పంపింది. మా తమ్ముడు ఇది అమ్మేసి 4కే ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ ల్యాప్‌టాప్ అమ్మెయ్యకండి. రెండు నెలల క్రితం 43 వేలు పెట్టింది ఇప్పుడు అమ్మితే ఎంత వచ్చిద్దో మీకు తెలియంది కాదు, పైగా 4కే తీసుకున్నా మీ చీర రంగు బాగుపడుద్దన్న గ్యారంటీ లేదు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో 16 ఏళ్లుగా ల్యాప్‌టాప్ సర్వీసు చేస్తున్నా, మీలాగే చుక్కల సంఖ్య ఒకటి, చుక్క పాడవడం ఒకటి, రంగు నాణ్యత ఒకటి, ఈ మూడిటినీ కలిపేసుకుని బాధపడేవాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురన్నా వస్తారు, తప్పు వాళ్ళది కాదు, అమ్మేచోట ఫుల్ హెచ్‌డీ అన్న ఒక్క మాట చెప్పి మిగతాది ఎవరూ చెప్పరు.

అక్షరాల మసక సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోద్ది కాబట్టి అది ముందు చూద్దాం. మీ స్క్రీన్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఫ్యాక్టరీలోనే గాజు మీద చేసి ఉంటాయి, మొత్తం 20,73,600, ఫుల్ హెచ్‌డీ అంటే ఇదే. అవి పెరగవు తగ్గవు. మీ మేనల్లుడు అక్షరాలు పెద్దగా కనపడాలని రిజల్యూషన్‌ని 1366 బై 768 కి దించి ఉంటాడు, నూటికి తొంభై ఇళ్ళల్లో జరిగేది ఇదే. సంక్రాంతికి మీ వాకిట్లో 15 చుక్కల ముగ్గు వేశారనుకోండి, అదే ముగ్గుని పక్కింటివాళ్ళు 21 చుక్కలు పెట్టుకున్న చోట అంచు నుంచి అంచు దాకా సాగదీసి వెయ్యమంటే ఏమైద్ది? మొదటి చుక్క సరిగ్గా మొదటి చుక్క మీదే పడుద్ది, మీ రెండో చుక్క మాత్రం వాళ్ళ రెండుకీ మూడుకీ మధ్యలో పడుద్ది, అక్కడ చుక్క లేదు, దాంతో ఆ పిండిని అటు కొంచెం ఇటు కొంచెం పంచాలి. స్క్రీన్ కూడా అదే చేసిద్ది, 1366 ని 1920 లోకి లాగితే ఒక్కటికి 1.4 వచ్చిద్ది, పూర్తి అంకె కాదు, అందుకే ప్రతి అక్షరం అంచు రెండు చుక్కల మీదకి పాకి మసకబారుద్ది.

డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి, డిస్‌ప్లే రిజల్యూషన్ దగ్గర రికమెండెడ్ అని రాసి ఉన్నదాన్నే పెట్టండి, 1920 బై 1080. అక్షరాలు మళ్ళీ చిన్నవైపోతాయి కదా, దానికి అక్కడే పైన స్కేల్ అని ఉంటుంది, దాన్ని 125 శాతం పెట్టండి, ఇంకా చిన్నగా అనిపిస్తే 150. రిజల్యూషన్ దించితే ఉన్న అక్షరాన్నే సాగదీసిద్ది, స్కేల్ పెంచితే అదే అక్షరాన్ని ఎక్కువ చుక్కలతో కొత్తగా రాసిద్ది, అందుకని పెద్దగానూ ఉంటుంది, అంచు పదునుగానూ ఉంటుంది. మేనల్లుడిని ఏమీ అనకండి పాపం, మంచికే చేశాడు.

ఇక 4కే. దాంట్లో 3840 బై 2160, అంటే మీదానికి నాలుగింతలు చుక్కలు, 82 లక్షల పైమాటే. మీ 15.6 అంగుళాల స్క్రీన్‌లో అంగుళానికి 141 చుక్కలు పడుతున్నాయి, ఒక్కో చుక్క వెడల్పు 0.18 మిల్లీమీటర్లు, రెండడుగుల దూరంలో కూర్చుంటే మామూలు చూపు ఉన్నవాళ్ళకి విడి చుక్క కనపడే హద్దు దాదాపు అక్కడే. ఒక పరీక్ష చెప్తా, నిజాం అంచు ఉన్న చీర ఫోటో తెరిచి ఆ అంచు మీద గోపురం మొనలు విడివిడిగా తెలుస్తున్నాయో లేదో చూడండి, రిజల్యూషన్ సరిచేశాక తెలుస్తుంటే మీ పనికి చుక్కలు చాలినట్టే. ఆ పైన పెట్టే డబ్బు చుక్కల కోసం కాకుండా రంగు కోసం పెట్టాలి, మీ తమ్ముడికి కూడా ఈ మాటే చెప్పండి.

ఆకుపచ్చ చుక్క గురించి. మీరు మగ్గం దగ్గర మనుషులు కాబట్టి మీకు ఇది ఇట్టే అర్థమైద్ది. స్క్రీన్ గాజు మీద కూడా పడుగూ పేకా ఉన్నాయి, కంటికి కనపడనంత సన్న తీగలు, నిలువుగా 5760, అడ్డంగా 1080. 1920 కి మూడింతలు ఎందుకంటే ఒక్కో చుక్కలో, అంటే పిక్సెల్‌లో, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న కిటికీలు ఉంటాయి, ఒక్కో కిటికీకి ఒక నిలువు తీగ. పడుగూ పేకా కలిసే ప్రతి చోటా ఒక ట్రాన్సిస్టర్ కూర్చుని తన కిటికీ ఎంత తెరవాలో చూసుకుంటుంది, వెనక నుంచి తెల్లటి లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, కిటికీ తెరిస్తే వెలుగు, మూస్తే చీకటి. అలాంటి కిటికీలు మీ స్క్రీన్‌లో 62,20,800 ఉన్నాయి, వాటిల్లో ఒక్క ఆకుపచ్చ కిటికీ మూసుకోకుండా తెరుచుకుని ఉండిపోయింది, మీ చుక్క కథ అంతే. దాన్ని స్టక్ పిక్సెల్ అంటారు. వెలగకుండా నల్లగా ఉండిపోతే డెడ్ పిక్సెల్. ఏ కిటికీ ట్రాన్సిస్టర్ దానిదే కాబట్టి ఇది పక్కదానికి అంటుకునే జబ్బు కాదు, పెరగదు, వైరస్‌కీ దీనికీ సంబంధమే లేదు, నిశ్చింతగా ఉండండి.

అయినా అది నిజంగా పిక్సెలేనా అని ఒకసారి తేల్చుకోండి. పెయింట్‌లో ఐదు బొమ్మలు చేసుకోండి, నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోదాన్ని స్క్రీన్ నిండా పెట్టి చూడండి. మీది ఆకుపచ్చ కిటికీ అయితే నలుపు మీద ఆకుపచ్చగా ఉంటుంది, ఎరుపు బొమ్మ పెట్టగానే అదే చుక్క పసుపుగా మారుద్ది, ఎందుకంటే ఎరుపు వెలుగూ ఆకుపచ్చ వెలుగూ కలిస్తే పసుపు. తెలుపు పెడితే మాయమైద్ది, అక్కడ ఆ కిటికీ ఎలాగూ తెరిచే ఉండాలి కదా. పోగులు లెక్కపెట్టే భూతద్దం మీ దగ్గర ఉంటుందిగా, అది పెట్టి చూడండి, పిక్సెల్‌లో మూడో వంతు సన్న నిలువు గీతలాగా కనపడుద్ది. అలా కాకుండా నలుపు మీద కనపడకుండా తెలుపు మీద మాత్రం బూడిద మచ్చలాగా, అంచులు కలిసిపోయినట్టు ఉంటే అది లోపలికి పోయిన దుమ్ము.

భయపడాల్సింది ఎప్పుడంటే పై నుంచి కింద దాకా గీత వస్తే. అది ఒక చుక్క పాడవడం కాదు, ఒక పడుగు పోగు మొత్తం తెగినట్టు, అంటే ఆ తీగకి సిగ్నల్ ఇచ్చే అంచు దగ్గర అతుకు గానీ డ్రైవర్ చిప్ గానీ వదిలేసిందని. స్క్రీన్ మొత్తం మినుకు మినుకుమంటూ, మూత కదిపినప్పుడల్లా మారుతుంటే మాత్రం కీలు దగ్గర కేబుల్‌ని అనుమానించాలి. ఇలాంటివి వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకోండి, ఫోన్‌లో ఆ గీత లేకపోతే తప్పు స్క్రీన్‌దో కేబుల్‌దో, ఫోన్‌లో కూడా కనపడితే లోపల బొమ్మని తయారుచేసే గ్రాఫిక్స్ వైపుది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి కలిపి చూసినా ఇదే తెలిసిద్ది. మెకానిక్ దగ్గరికి పోయేముందు ఈ రెండూ చేసుకు వెళితే అనవసరంగా మదర్‌బోర్డు అని చెప్పించుకోవాల్సిన పని ఉండదు.

షాపువాళ్ళు ఒక్క చుక్కకి మార్చరు అన్నారు కదా, వాళ్ళ మాట విసురుగా ఉండొచ్చు కానీ అబద్ధం కాదు. 2001 లో వచ్చిన ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 13406 రెండో భాగం అన్న ప్రమాణంలో స్క్రీన్లని క్లాసులుగా విడగొట్టారు, 2008 లో దాని స్థానంలో 9241 వరస వచ్చింది. మొదటి క్లాసు అంటే ఒక్క చుక్క కూడా పాడు ఉండకూడదు. చాలా కంపెనీలు పట్టుకునేది రెండో క్లాసు, దాంట్లో 10 లక్షల పిక్సెల్స్‌కి పూర్తిగా వెలిగేవి రెండు, పూర్తిగా నల్లవి రెండు, మీకున్నలాంటి చిన్న కిటికీ లోపాలు ఐదు దాకా సరుకు మంచిదే అంటారు. మీ స్క్రీన్ 20 లక్షల పైన, అంటే ఆ లెక్కన పది దాకా. కొన్ని కంపెనీలు ఇంతకంటే మంచి మాటే ఇస్తాయి, వెలిగే చుక్క ఒక్కటున్నా మారుస్తామని కూడా రాసేవాళ్ళున్నారు, అందుకని వారంటీ కాగితంలో పిక్సెల్ అన్న మాట ఎక్కడుందో వెతికి చదవండి, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి నేరుగా మెయిల్ పెట్టండి, షాపు నోటి మాట మీద వదిలెయ్యకండి. కాగితంలో మారుస్తామని ఉండి కూడా మార్చకపోతే అప్పుడు 1915 కి చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. కాగితంలో లేకపోతే ఆ ఒక్క చుక్క కోసం ఆరోగ్యం పాడుచేసుకోవద్దని నా మాట.

రంగులు గబగబా మార్చే వీడియోలు ఉంటాయి, వాటిని ఆ చుక్క మీద ఓ అరగంట తిప్పితే ఇరుక్కున్న కిటికీ ఒక్కోసారి కదులుద్ది, కదలకపోవచ్చు కూడా, నష్టం మాత్రం లేదు. మూర్ఛ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇంట్లో ఉంటే వాళ్ళు చూడకుండా జాగ్రత్తపడండి. గుడ్డతో నొక్కండి, వేలితో నొక్కండి అని చెప్పేవాళ్ళ మాట వినొద్దు. పోయినేడు ఒక కుర్రాడు ఇలాగే ఒక చుక్క పోగొడదామని పెన్ను మూతతో నొక్కి తెచ్చాడు, చుక్క అలాగే ఉంది, దాని చుట్టూ రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ పడింది, ప్యానెల్, అంటే స్క్రీన్ పలకే మొత్తం మార్చాల్సొచ్చింది. ఫైనల్ ఇయర్ పిల్లాడు, ఇంట్లో చెప్పలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకే మనసు ఆగలేదు.

ఇప్పుడు అసలు విషయం, చీర. మీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్న మాట ఇదే. ఫోటోలో తప్పు లేదు చెల్లెమ్మా, మీ స్క్రీన్ ఎరుపుని చూపించలేకపోతోంది, అది తెలియక మీరు ఫోటోని మార్చారు, మీ స్క్రీన్ మీద సరిగ్గా వచ్చేదాకా పెంచిన ఆ ఎరుపు కొన్నావిడ ఫోన్‌లో మంటలాగా కనపడి ఉంటుంది, చీర చేతికొచ్చాక అంత లేదు, వెనక్కి పంపింది. ఆవిడ తప్పూ లేదు, మీ తప్పూ లేదు.

ఎందుకు చూపించలేదంటే, వెనక వెలిగే తెల్ల లైటు నిజానికి తెల్లది కాదు. నీలం ఎల్‌ఈడీ మీద పసుపు పూత పూస్తారు, రెండూ కలిసి కంటికి తెల్లగా అనిపిస్తాయి, కానీ ఆ వెలుగులో గాఢమైన ఎరుపు చాలా తక్కువ. దాని ముందు పెట్టే రంగు ఫిల్టర్లు కూడా చవక ప్యానెల్‌లో పల్చగా ఉంటాయి, పల్చగా ఉంటే ఎక్కువ వెలుగు బయటికొచ్చిద్ది, బ్యాటరీ ఆదా, లైటు ఖర్చూ ఆదా, కాకపోతే ఎరుపు కిటికీలోంచి ఎరుపొక్కటే రాకుండా కాస్త నారింజ కూడా కారుద్ది. మిరపపండు ఇటుక అయ్యేది అక్కడే. సెట్టింగ్స్‌లో ఎంత గెలికినా ఇది పోదు, రంగులద్దే వాళ్ళ దగ్గర మంచి ఎరుపు లేకుండా ఇటుక రంగే ఉందనుకోండి, నూలుని ఎన్నిసార్లు ముంచినా ఇటుకే ముదురుద్ది గానీ ఎరుపు రాదు.

దీన్ని కొలిచే లెక్క ఉంది. 1996 లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్‌ఆర్‌జీబీ అని ఒక రంగుల హద్దు పెట్టాయి, ఇంటర్నెట్‌లో మనం చూసే ఫోటోలు చాలావరకు ఆ హద్దు ప్రకారమే ఉంటాయి. అంతకు ముందుది ఎన్‌టీఎస్‌సీ, 1953 నాటి అమెరికా కలర్ టీవీ లెక్క. ల్యాప్‌టాప్ వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే ఎస్‌ఆర్‌జీబీలో అది 60 శాతం పైచిలుకు మాత్రమే, 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ. మీ ధరలో వచ్చే ల్యాప్‌టాప్‌లు చాలావాటిల్లో ఉండేది ఆ 45 దే, మోడల్ నంబరు కొట్టి చూసుకోండి, నా అంచనా తప్పదనుకుంటున్నా. బాక్సు మీద 1.67 కోట్ల రంగులు అని ఉంటుంది, అది చూసి మోసపోవద్దు, అది మెట్ల లెక్క, మూడు రంగులకీ తలా 256 మెట్లు, మేడ ఎంత ఎత్తుందో అది చెప్పదు. మెట్లు ఎన్నున్నా మేడ పొట్టిదైతే పై అంతస్తు ఎరుపు అందదు.

ఇంకోటి కూడా చూడండి, అదే చీర ఫోటో స్క్రీన్ నిండా పెట్టి మూతని ముందుకీ వెనక్కీ వంచండి. రంగు బాగా మారిపోయి ఓ కోణంలో నెగెటివ్‌లాగా అయిపోతే అది టీఎన్ ప్యానెల్, అలాంటి దాంట్లో మీరు కదలకుండా కూర్చున్నా చీర పైభాగం ఒక ఛాయ, కింద ఒక ఛాయ కనపడుద్ది, దాంతో రంగు చూడటం అసలు కుదరదు. పెద్దగా మారకపోతే ఐపీఎస్, కొంత నయం. అలాగే నైట్ లైట్ అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది ఉంటే మొత్తం పసుపు తిరుగుద్ది, ఎంతోమంది దాన్ని మర్చిపోతారు. మీరు కూర్చునే చోటు కూడా ముఖ్యం, ఈ రకం ప్యానెల్స్ వెలుగు 250 నిట్స్ (స్క్రీన్ వెలుగుని కొలిచే లెక్క) దాకా ఉంటుంది, మన ఎండాకాలం మధ్యాహ్నం కిటికీ ఎదురుగా పెట్టుకుంటే అన్ని రంగులూ వెలిసిపోయినట్టే ఉంటాయి, కిటికీ మీ పక్కకి ఉండేలా కూర్చోండి.

ఇవాళ్టి నుంచే చెయ్యగలిగిందేంటంటే, రంగు విషయంలో ల్యాప్‌టాప్‌ని నమ్మడం ఆపెయ్యండి. కొనేవాళ్ళు చాలామంది ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి ఫోటో పెట్టేముందు రెండు మూడు రకాల ఫోన్లలో చూసుకోండి, మీ ఫోన్ డిస్‌ప్లేలో వివిడ్ అని ఉంటే నేచురల్‌కి మార్చండి, వివిడ్‌లో అది ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించుద్ది. ఫోటో పొద్దున పూట వరండా నీడలో తియ్యండి, ట్యూబ్‌లైట్ కింద వద్దు, చీర పక్కనే ఓ తెల్ల కాగితం పెట్టి తీస్తే తర్వాత ఆ కాగితం తెల్లగా వచ్చేలా సరిచేసుకోవచ్చు, కాగితం తెల్లగా ఉంటే చీర రంగు దాదాపు దాని చోటికి అదే వచ్చిద్ది. ఎరుపు, ఆకుపచ్చ అంటూ విడిగా ఏదీ పెంచొద్దు. ఎంత బాగా తీసినా ఫోటో కింద రంగు పేరు మాటల్లో కూడా రాయండి, మిరపపండు ఎరుపు అంటే మన ఆడవాళ్ళకి వేరే వివరం అక్కర్లేదు.

వ్యాపారం కాస్త నిలదొక్కుకున్నాక ల్యాప్‌టాప్ మార్చే బదులు ఒక 24 అంగుళాల మానిటర్ కొనుక్కోండి, ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ 99 శాతం అని వివరాల్లో రాసి ఉన్నది, 10 వేల చుట్టుపక్కల దొరుకుతున్నాయి. ఫుల్ హెచ్‌డీ చాలు. ల్యాప్‌టాప్ ప్యానెలే మార్చేస్తామని ఎవరైనా అంటే వారంటీ ఉన్నన్నాళ్ళూ ఒప్పుకోవద్దు, ఆ తర్వాత చేయించుకున్నా పాతదాని వెనక స్టిక్కర్ మీద ప్యానెల్ నంబర్ ఫోటో తీసుకుని పెట్టుకోండి, మంచిదని చెప్పి అంతకంటే తక్కువది బిగించి పంపిస్తే పట్టుకోవడానికి ఆ నంబరొక్కటే ఆధారం.

మానిటర్ కొనడానికి వెళ్ళేటప్పుడు చీర ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అవే చీరల జాకెట్టు ముక్కలు కూడా సంచిలో పెట్టుకు వెళ్ళండి. కౌంటర్ దగ్గర ఫోటో తెరిపించి పక్కనే ముక్క పట్టుకుని చూడండి, సిగ్గుపడొద్దు, డబ్బులు మీవి. ఎరుపు ఒక్కటే కాదు, నెమలికంఠం రంగు, బచ్చలిపండు రంగు ముక్కలు కూడా తీసుకెళ్ళండి, చవక ప్యానెల్ ముందు తప్పేది ఆ రెండిట్లో కూడా. ఆ ఐదు రంగుల బొమ్మలు కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చుక్కలేమైనా ఉన్నాయేమో బిల్లు కట్టకముందే అక్కడే చూసేసుకోవచ్చు.